రక్తం గడ్డకట్టాక మాత్రలు ఎంతకాలం వాడాలి?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో కథలు, కవితలు, పాత జ్ఞాపకాలు ఎప్పుడూ ఉండేవే. ఈసారి ఆరోగ్యానికి సంబంధించిన ఒక విషయాన్ని కొంచెం వివరంగా రాయాలనుకున్నాం. కాలి సిరలోనో, ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవారు "రక్తం పలచబడే మాత్రలు" ఎంతకాలం వాడాలి అన్నదే ఆ విషయం.

ఇదే ఎందుకు అంటారా? ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మందుల చీటీని మన ఇళ్లలో చదవగలిగేది చాలాసార్లు మనమే. "ఇంకా ఎన్నాళ్లు మింగాలిరా ఈ బిళ్లలు?" అని అమ్మానాన్నలు అడిగేదీ మనల్నే. కాలి వాపు తగ్గింది కదా అని నెలకే మానేసేవాళ్లు ఉన్నారు. మూడు నెలలకు రాసిన చీటీనే చూపించి ఏళ్ల తరబడి అవే బిళ్లలు కొనుక్కునేవాళ్లూ ఉన్నారు. మొదటివారికి గడ్డ మళ్లీ వచ్చే ప్రమాదం ఉంది. రెండోవారికి అనవసరంగా రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. ఎన్నాళ్లో చెప్పాల్సింది డాక్టరే. అయితే డాక్టరు దేన్ని చూసి నిర్ణయిస్తారో తెలిస్తే మనం సరైన ప్రశ్న అడగగలం. అందుకే ఈ వ్యాసం.

గడ్డ ఎందుకు కడుతుంది?

వేలు తెగితే కాసేపటికి రక్తం ఆగిపోతుంది. రక్తం అక్కడ గడ్డకట్టి గాయాన్ని మూసేస్తుంది. ఇది మనల్ని బతికించే ఏర్పాటు. గాయం లేకుండా రక్తనాళం లోపలే గడ్డ కడితే మాత్రం అదే జబ్బు. శరీరం నుంచి రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకెళ్లే నాళాలను సిరలు అంటారు. కాలి కండరాల మధ్య లోతుగా ఉన్న సిరల్లో గడ్డ కడితే దాన్ని డీప్ వీన్ త్రాంబోసిస్, పొట్టిగా డి.వి.టి. అంటారు. ఒక కాలు మాత్రమే వాయడం, పిక్క నొప్పి, చర్మం వేడిగా ఎర్రగా ఉండటం దీని లక్షణాలు. ఆ గడ్డలోంచి ఒక ముక్క ఊడి, రక్తంతోపాటు గుండెను దాటి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే పల్మనరీ ఎంబాలిజం అంటారు. అప్పుడు హఠాత్తుగా ఆయాసం వస్తుంది, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు వస్తుంది, కొందరికి దగ్గుతో రక్తం పడుతుంది. ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా దీనివల్లే.

గడ్డ కట్టడానికి మూడు పరిస్థితులు దారితీస్తాయని 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరుతో వైద్య పుస్తకాల్లో చెబుతారు. రక్తం కదలకుండా నిలిచిపోవడం, నాళం గోడ దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం. ఆపరేషన్ అయ్యాక మంచం మీదే ఉండిపోతే మొదటి రెండూ కలుస్తాయి. గర్భం, కాన్పు, క్యాన్సర్, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మూడోదాన్ని పెంచుతాయి. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్‌తో ఆస్పత్రుల్లో చేరినవారిలోనూ ఇలాంటి గడ్డలు ఎక్కువగా కనిపించాయి.

మాత్ర గడ్డను కరిగించదు

చాలామంది అనుకున్నట్టు ఈ మాత్రలు గడ్డను కరిగించవు. మాటవరసకు "పలచబడే మాత్ర" అంటున్నాం గానీ రక్తం నీళ్లలా పలచనేమీ కాదు. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన పదార్థాల పనిని ఈ మందు తగ్గిస్తుంది. దానివల్ల ఉన్న గడ్డ పెరగదు, కొత్తది కట్టదు. ఈలోగా పాత గడ్డను మన శరీరమే ప్లాస్మిన్ అనే ఎంజైముతో మెల్లమెల్లగా కరిగించుకుంటుంది. ఆ పనికి నెలలు పడుతుంది. వాపు తగ్గినంత మాత్రాన లోపల గడ్డ పోయినట్టు కాదని ఇందుకే అంటారు.

ఈ మందుల్లో పాతదైన వార్ఫరిన్ కథ మన పశువుల కాపరులకు కూడా ఆసక్తిగా ఉంటుంది. 1920లలో అమెరికా, కెనడాల్లో బూజు పట్టిన క్లోవర్ గడ్డి తిన్న పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చచ్చిపోయేవి. 1933లో ఒక రైతు చచ్చిపోయిన పెయ్యను, పాల క్యాను నిండా గడ్డకట్టని రక్తాన్ని తీసుకుని మంచు తుఫానులో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. అక్కడ కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త బృందం ఏళ్ల తరబడి శ్రమించి ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరుచేసింది. దాని ఆధారంగా తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చింది, 1954లో మనుషులకు మందుగా అనుమతి పొందింది. పశువులను చంపినది మోతాదు తెలిశాక మనుషులను బతికించింది. మోతాదు, కాలం రెండూ ఎంత ముఖ్యమో ఈ కథే చెబుతుంది.

మందు పనిచేస్తుందని గట్టిగా చూపింది 1960లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జరిగిన పరీక్ష. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉన్న 19 మందికి మందు ఇవ్వలేదు, 16 మందికి ఇచ్చారు. ఇవ్వనివారిలో ఐదుగురు ఆ గడ్డవల్లే చనిపోయారు. ఇచ్చినవారిలో ఆ కారణంతో ఒక్కరూ చనిపోలేదు. అప్పటి నుంచి మందు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న పోయింది. ఎంతకాలం అన్న ప్రశ్న మిగిలింది.

మొదటి మూడు నెలలు

ఇందులో పెద్ద చర్చ లేదు. లోతైన సిరలో, ముఖ్యంగా మోకాలికి పైన గడ్డ కట్టినా, ఊపిరితిత్తుల్లో గడ్డ ఉన్నా కనీసం మూడు నెలలు మందు వాడాలి. రక్తస్రావం లాంటి అడ్డంకి ఉంటే తప్ప ఇది అందరికీ వర్తిస్తుంది. 1995లో స్వీడన్‌లో దాదాపు 900 మందిపై చేసిన పరీక్షలో ఆరు వారాలకే మందు ఆపినవారిలో రెండేళ్లలో 18 శాతం మందికి గడ్డ తిరిగి వచ్చింది. ఆరు నెలలు వాడినవారిలో అది 9.5 శాతమే. కాబట్టి నెలకో, నెలన్నరకో ఆపేయడం అంటే పని సగంలో వదిలేయడమే.

మూడు నెలల తరువాత

అసలు ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. దీనికి జవాబు ఎక్కువగా ఒక్క విషయం మీద ఆధారపడుతుంది. గడ్డ ఎందుకు కట్టింది? మూడు ఇళ్లను ఊహించుకుందాం.

మొదటి ఇంట్లో అమ్మకు గర్భసంచి ఆపరేషన్ జరిగింది. రెండు వారాలకు ఎడమ కాలు వాచింది. స్కానింగ్‌లో గడ్డ కనిపించింది. ఇక్కడ కారణం పెద్దది, స్పష్టమైనది. పైగా అయిపోయినది. ఆపరేషన్ మళ్లీ జరగదు కదా! ఇలాంటివారు మూడు నెలలు వాడి ఆపితే మొదటి ఏడాదిలో నూటికి ఒకరికి, ఐదేళ్లలో నూటికి ముగ్గురికి మాత్రమే గడ్డ తిరిగి వస్తుందని అంచనా. సాధారణంగా డాక్టర్లు మూడు నెలలకు ఆపమంటారు.

రెండో ఇంట్లో నాన్నకు 52 ఏళ్లు. ఆపరేషన్ లేదు, దెబ్బ తగల్లేదు, మంచాన పడలేదు. ఉన్నట్టుండి కాలు తొడ దాకా వాచింది. కారణం కనపడని గడ్డ ఇది. ఇటువంటివారిపై జరిగిన 18 అధ్యయనాలను, అందులోని 7,515 మంది వివరాలను కలిపి 2019లో లెక్క వేశారు. మందు ఆపినవారిలో మొదటి ఏడాదిలో 10 శాతం, ఐదేళ్లలో 25 శాతం, పదేళ్లలో 36 శాతం మందికి గడ్డ తిరిగి వచ్చింది. పదేళ్ల లెక్కలో మగవారికి 41 శాతం, ఆడవారికి 29 శాతం. కారణం కనపడలేదంటే అది పోయిందని కాదు, లోపల ఎక్కడో ఇంకా ఉందని అర్థం చేసుకోవాలి. అందుకే రక్తస్రావం ప్రమాదం తక్కువగా ఉంటే ఇలాంటివారిని మందు కొనసాగించమంటారు.

మూడో ఇంట్లో పెద్దమ్మకు క్యాన్సర్ చికిత్స జరుగుతోంది. మధ్యలో గడ్డ కట్టింది. కారణం కళ్ల ముందే ఉంది, ఇంకా పోలేదు. క్యాన్సర్ ఉన్నంతకాలం, చికిత్స జరుగుతున్నంతకాలం సాధారణంగా మందు కొనసాగిస్తారు.

ఈ మూడు ఇళ్ల మధ్యలో ఉండేవారూ ఉన్నారు. గర్భనిరోధక మాత్రలు వాడటం, కాలికి దెబ్బ తగిలి కొన్నాళ్లు నడవలేకపోవడం, సుదీర్ఘ ప్రయాణం వంటి చిన్న కారణాలతో గడ్డ కట్టినవారు వీరు. మందు ఆపాక వీరికి మొదటి ఏడాదిలో నూటికి ఐదుగురికి, ఐదేళ్లలో 15 మందికి తిరిగి వస్తుందని అంచనా. వీరిలో చాలామందికి మూడు నెలలు సరిపోతాయి. ఆ గర్భనిరోధక మాత్రలను మాత్రం డాక్టరుకు చెప్పి మార్చుకోవాలి. గర్భిణికి గడ్డ కడితే గర్భం ఉన్నన్నాళ్లు, కాన్పు తరువాత కనీసం ఆరు వారాలు వాడాలి. మొత్తం మూడు నెలలకు తగ్గకూడదు. రెండోసారి కూడా కారణం లేకుండా గడ్డ వచ్చినవారికి, యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనే జబ్బు ఉన్నవారికి దీర్ఘకాలం వాడమంటారు.

"ఇంకో ఏడాది వాడి ఆపేద్దాం" అంటే?

ఇది మనవాళ్లందరికీ నచ్చే మధ్యేమార్గం. మూడు నెలలూ కాదు, జీవితాంతమూ కాదు, ఒక ఏడాది వాడి మానేస్తే జబ్బు పూర్తిగా నయమైపోతుందని నమ్మకం. ఇటలీలో 2001లో దీన్ని పరీక్షించి చూశారు. కారణం కనపడని డి.వి.టి. ఉన్న 133 మంది మూడు నెలలకే మందు ఆపారు. మరో 134 మంది ఏడాది వాడి ఆపారు. వాడినంతకాలం రెండో గుంపుకు రక్షణ ఉంది. కానీ ఆపిన తరువాత కూడా కొన్నేళ్లు గమనిస్తే రెండు గుంపుల్లోనూ సరిగ్గా 21 మంది చొప్పున గడ్డ తిరిగి వచ్చినవారు తేలారు. ఊపిరితిత్తుల గడ్డ వచ్చినవారికి ఆరు నెలల తరువాత మరో 18 నెలలు మందు ఇచ్చి చూసిన ఫ్రాన్సు పరీక్షలోనూ, 2015లో, ఆపాక ఆ లాభం నిలవలేదు.

మందు గొడుగు లాంటిది. పట్టుకున్నంతసేపూ తడవం. గంటసేపు పట్టుకున్నాం కదా అని మూసేస్తే వాన ఆగదు. కాబట్టి మూడు నుంచి ఆరు నెలల మధ్య మొదటి చికిత్స పూర్తయ్యాక ఎదురయ్యే ప్రశ్న "ఇంకో ఆరు నెలలా, ఏడాదా" అన్నది కాదు. "ఇప్పుడు ఆపాలా, లేక ముగింపు తేదీ పెట్టుకోకుండా కొనసాగించాలా" అన్నది. కొనసాగించడం అంటే ఇక చావుదాకా అని శపథం చేయడం కాదు. కనీసం ఏడాదికోసారి డాక్టరును కలిసి "ఇంకా అవసరమా" అని మళ్లీ తూచి చూసుకోవడం.

త్రాసులో రెండో పళ్లెం

మందు మంచిదే అయితే అందరికీ ఎప్పటికీ ఇవ్వొచ్చు కదా? ఇవ్వలేం. గడ్డ కట్టనివ్వని మందు, కట్టాల్సిన చోటా కట్టనివ్వదు. కడుపులో పుండు ఉంటే అక్కడి నుంచి, తలకు దెబ్బ తగిలితే మెదడులో రక్తస్రావం కావచ్చు. దీర్ఘకాలం వాడినవారిలో ఏడాదికి ఎంతమందికి పెద్ద రక్తస్రావం అవుతుందో 2021లో ఇలాగే కలిపి లెక్క వేశారు. వార్ఫరిన్ రకం మందులతో నూటికి 1.74 మంది, కొత్తరకం మందులతో 1.12 మంది.

ఈ లెక్కలను వెయ్యి మందికి పరిచి చూద్దాం. కారణం కనపడని గడ్డ వచ్చిన వెయ్యి మంది మందు ఆపితే మొదటి ఏడాది సుమారు 100 మందికి గడ్డ తిరిగి వస్తుంది. తిరిగి వచ్చినవారిలో సుమారు 4 శాతం మంది దానివల్ల చనిపోతారు. అంటే నలుగురు. అదే వెయ్యి మంది కొత్తరకం మందు కొనసాగిస్తే సుమారు 11 మందికి పెద్ద రక్తస్రావం అవుతుంది. అలా అయినవారిలో పదో వంతు మంది చనిపోతారు. అంటే ఒకరు. మందు వాడుతున్నా గడ్డ తిరిగి వచ్చేవారు కొద్దిమంది ఉంటారు, అయినా మొగ్గు కొనసాగించడం వైపే ఉంది.

ఇప్పుడు ఆపరేషన్ తరువాత గడ్డ వచ్చిన వెయ్యి మందిని చూద్దాం. మందు ఆపితే 10 మందికి తిరిగి వస్తుంది, మరణం ఒకటి కూడా పూర్తిగా తేలదు. కొనసాగిస్తే అదే 11 రక్తస్రావాలు, అదే ఒక మరణం. ఇక్కడ మొగ్గు ఆపడం వైపు. ఒకే మందు ఒక ఇంట్లో ఆపమనడం, పక్కింట్లో కొనసాగించమనడం ఇందుకే. "వాళ్లాయనకు ఆపేశారట, మనమూ ఆపేద్దాం" అనుకోకూడదు.

ఇవి సగటు లెక్కలు. 65 ఏళ్లు దాటినవారికి, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి, ఇంతకుముందు రక్తస్రావం అయినవారికి, ఆస్పిరిన్ లాంటివి కలిపి వాడేవారికి, హిమోగ్లోబిన్ 10 కన్నా తక్కువ ఉన్నవారికి రక్తస్రావం ప్రమాదం ఎక్కువ. ఈ చివరి మాటను మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. మన అమ్మల్లో రక్తహీనత ఎంత ఎక్కువో మనకు తెలియనిది కాదు.

ఏ మందుకు ఏ జాగ్రత్త?

మన దగ్గర పాతరకంలో ఎక్కువగా రాసేవి వార్ఫరిన్, అసినోకుమరాల్. అసినోకుమరాల్‌ను ఎసిట్రోమ్ అనే పేరుతో చాలామంది ఎరుగుదురు. వీటి ధర తక్కువ. కానీ మోతాదు మనిషికీ మనిషికీ మారుతుంది. ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష తరచూ చేయించి, అది సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండేలా చూసుకోవాలి. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. పరీక్ష కోసం ఒక రోజు కూలి, బస్సు చార్జీలు పోతాయని ఇంట్లో వెనకాడతారు. మందు ధరతోపాటు ఈ ఖర్చునూ లెక్కలో వేసుకోవాలి.

కొత్తరకంలో రివరోక్సబాన్, ఎపిక్సబాన్, డబిగట్రాన్ వంటివి ఉన్నాయి. వీటికి ఐ.ఎన్.ఆర్. పరీక్ష అక్కర్లేదు. మన దేశ కంపెనీలూ తయారుచేస్తున్నాయి. వీటిలో రివరోక్సబాన్, ఎపిక్సబాన్‌లకు మొదటి రోజుల్లో మోతాదు ఎక్కువ ఉండి తరువాత మారుతుంది. ఉదాహరణకు రివరోక్సబాన్ మొదటి మూడు వారాలు రోజుకు రెండుసార్లు, తరువాత ఒకేసారి, అదీ అన్నంతోపాటు. వీటి పని ఒక రోజులోనే తగ్గిపోతుంది కాబట్టి రెండు రోజులు మరిచిపోతే రక్షణ లేనట్టే. ఆరు నెలల తరువాత కొనసాగించాల్సినవారిలో చాలామందికి మోతాదు తగ్గించవచ్చు. 2013లో వెలువడిన ఒక పరీక్షలో ఎపిక్సబాన్ 2.5 మి.గ్రా. రోజుకు రెండుసార్లు వాడినవారిలో ఏడాదిలో 1.7 శాతం మందికే గడ్డ తిరిగి వచ్చింది లేదా దానివల్ల మరణం సంభవించింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో ఇది 8.8 శాతం. తగ్గించాల్సింది మాత్రం డాక్టరే, మనం బిళ్లను విరిచి కాదు.

యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ ఉన్నవారికి కొత్తరకం కన్నా వార్ఫరినే మేలు. గర్భిణులకు వార్ఫరిన్ బిడ్డకు హాని చేయవచ్చు, కొత్తరకం కూడా వాడకూడదు, హెపారిన్ రకం ఇంజెక్షన్లు ఇస్తారు. కాబట్టి ఈ మాత్రలు వాడుతున్న అక్కచెల్లెళ్లు నెల తప్పితే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

మన ఇళ్లలో జరిగే పొరపాట్లు

ఒళ్లు నొప్పులకు ఆర్.ఎం.పి. దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకోవడం మనకు మామూలు. ఈ మాత్రలు వాడేవారికి అది రెండు రకాల ప్రమాదం. సూది పడిన కండరంలో రక్తం చేరవచ్చు, కడుపులో రక్తస్రావం కావచ్చు. నొప్పికి ఏం వాడాలో ముందే డాక్టరును అడిగి పెట్టుకోవాలి. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఈ మందుల పనిని బాగా తగ్గిస్తుంది. కాబట్టి టి.బి. మందులు మొదలుపెట్టినా, ఆపినా తప్పక చెప్పాలి.

ఆకుకూరలు పూర్తిగా మానేయాలని కొందరు చెబుతారు. ఆకుకూరల్లోని విటమిన్ కె వార్ఫరిన్, అసినోకుమరాల్ పనికి అడ్డుపడుతుందన్నది నిజమే. అందుకని తోటకూర, మునగాకు మానేయక్కర్లేదు. ఒక వారం అసలు తినకుండా మరో వారం రోజూ తినడం వల్లే ఇబ్బంది. ఎప్పుడూ ఒకే తీరుగా తింటే దానికి తగ్గట్టు మోతాదు సరిచేస్తారు. కొత్తరకం మందులకు ఈ చిక్కు లేదు.

మరో ముఖ్యమైన మాట. గుండెకు కృత్రిమ కవాటం వేయించుకున్నవారు, గుండె లయ తప్పినవారు కూడా ఇవే మాత్రలు వాడతారు. వారి కారణం వేరు, చాలామంది జీవితాంతం వాడాల్సి ఉంటుంది. ఈ వ్యాసంలోని మూడు నెలల లెక్క వారికి వర్తించదు. దయచేసి ఇది చదివి వారి మాత్రలు ఆపించవద్దు.

డాక్టరును ఏం అడగాలి?

ఓపీలో మన వంతుకు దొరికేది రెండు మూడు నిమిషాలు. అందుకే ముందే కాగితం మీద రాసుకుని వెళ్లాలి. గడ్డ ఎక్కడ ఉంది, మోకాలికి పైనా కిందా? దానికి కారణం ఏమిటి, అది పోయిందా? మందు ఏ తేదీ దాకా వాడాలి, ఆ రోజు ఆపాలా, లేక వచ్చి చూపించుకుని ఆపాలా? రక్తస్రావం ప్రమాదం పెంచేవి మా మనిషిలో ఏమున్నాయి? కొనసాగించాలంటే మోతాదు తగ్గించవచ్చా? మందుకు, పరీక్షకు డబ్బు ఇబ్బంది ఉంటే దాచకుండా చెప్పాలి. చవకైన మందుకు మార్చడం డాక్టరుకు సాధ్యమే. డబ్బు లేక మనమే నిశ్శబ్దంగా మానేయడం ప్రమాదం.

నల్లటి విరేచనం, మూత్రంలో రక్తం, ఆగని ముక్కు రక్తం, తలకు దెబ్బ, ఎన్నడూ లేనంత తలనొప్పి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. మందు ఆపిన తరువాత కాలు మళ్లీ వాచినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా అంతే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. ఇంట్లోగానీ, వాడలోగానీ ఎవరైనా ఈ మాత్రలు వాడుతుంటే వారి చీటీ తీసి చూడండి. దాని వెనక తెలుగులో మూడు విషయాలు పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. మందు మొదలుపెట్టిన తేదీ, గడ్డకు కారణం, మళ్లీ డాక్టరుకు చూపించాల్సిన తేదీ. మూడింటిలో ఏది తెలియకపోయినా, దాన్ని తెలుసుకోవడానికి పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లండి.